బంతిమొక్కల్లో పడి తీసిన ఫొటో

కార్తీకమాసంలో, భిలాయి సెక్టర్ 7లో, ఫొటోలు తియ్యడానికి నేను ఒక్కదాన్నే ఒప్పుకున్న మొదటి పెళ్లి అది. పొద్దు వాలేలోపు పార్కులో ముప్పైమంది కుటుంబ ఫొటో తియ్యాలి. గట్టిగా మాట్లాడాలంటేనే నాకు బెరుకు. స్టీల్ ప్లాంటులో రిటైరైన పెళ్లికూతురి తాతగారు గేట్ పాస్ ఫొటోకి నిలబడినట్టు బిగుసుకుపోయారు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ అంతే. "కాస్త నవ్వండి" అన్న మాట నాకే వినపడలేదు. అందరూ ఫ్రేములో పట్టాలని వెనక్కి జరుగుతూ బంతిమొక్కల్లో వెల్లకిలా పడ్డాను.

"ఏటమ్మా, పడుకొని తీస్తావేటి?" అంటూ తాతగారే ముందు పక్కున నవ్వారు. వెనకాలే అందరూ. ఏడుపు ఆపుకుంటూ కిందనుంచే బటన్ నొక్కేశాను. ఇంటికొచ్చి డైరీలో 'ఈ పని నావల్ల కాదు' అని రాసుకున్నాను.

వారం తర్వాత పెళ్లికూతురు ఫోన్ చేసింది. "దీదీ, తాత నవ్విన ఫొటో మా ఇంట్లో ఇదొక్కటే. చెల్లి పెళ్లికీ మీరే రావాలి."

గట్టిగా పిలవడం నాకు ఇప్పటికీ రాదు. డైరీలో ఆ మాటని కొట్టెయ్యలేదు. దాని కిందే వాళ్ల చెల్లి పెళ్లి తేదీ రాసుకున్నాను.