వెచ్చగా ఉన్నప్పుడే కదులుతుంది

పొద్దున్నే సుక్కమ్మ చేసే మొదటి పని, మూతపెట్టిన గిన్నెను పాత కంబళి ముక్కలో చుట్టి, కడుపుకు ఆనించుకుని, వార్డు నుంచి ఆవరణ చివరి గదికి పరుగెత్తడం. గిన్నెలో ఉండేది రోగి విరేచనం. అది చల్లారక ముందే డాక్టరమ్మ మైక్రోస్కోపు కిందికి చేరాలి. చల్లారితే అందులోని అమీబా కదలడం మానేస్తుంది. కదలని అమీబాను పోల్చుకోవడం కష్టం.

నల్గొండ ఊరి బయట ఉన్న ఆ చిన్న దవాఖానలో ఆమె ఆయా. 1940 నాటికి పనిలో చేరి ఏడేళ్లు. ఇన్నేళ్లూ గిన్నె మోసింది గానీ ఆ గొట్టానికి కన్ను ఆనించలేదు. ఆనించాలని మాత్రం ఉండేది. కారణం చిట్యాలలో ఉంది.

చిట్యాలలో ఆమె అక్క జంగమ్మ కాపురం. పిల్లలు లేరు. సుక్కమ్మ కొడుకు లింగస్వామి నడక నేర్చింది ఆ పెద్దమ్మ వాకిట్లోనే. నాలుగేళ్ల వయసులో పీర్ల పండుగకు తీసుకెళ్తే, జంగమ్మ బెల్లం షర్బతు కలిపి తన చేత్తో తాగించింది. తెల్లవారి ఇల్లు చేరేసరికి పిల్లవాడికి నెత్తుటి విరేచనాలు. కొద్దిరోజుల్లోనే పోయాడు. పిల్లలు లేని ఆడది కడుపుమంటతో షర్బతులో మందు పెట్టిందని వాడంతా అంది. సుక్కమ్మ నమ్మింది. దినాలకు వచ్చిన అక్కను గడప దాటనివ్వలేదు. ఆ తర్వాతే భర్తతో నల్గొండ చేరింది.

చిట్యాల రోగి ఎవరైనా వస్తే ఆ మంచం దగ్గర ఆమె చీపురు నెమ్మదించేది. అక్కడ వానలు పడ్డాయా, కుంట నిండిందా అని అడిగేది. అక్క పేరు మాత్రం ఎత్తేది కాదు. ఒకసారి ఒక ముసలామె మాటల్లో మాటగా, జంగమ్మ తల పూర్తిగా నెరిసిందని చెప్పింది. సుక్కమ్మ ఆ మంచం కింద మళ్లీ ఊడ్చింది.

డాక్టరమ్మ అమృతమ్మది గుంటూరు వైపు. నెత్తుటి విరేచనాలతో వచ్చిన వాళ్లకు ఎమిటిన్ సూది వేస్తూ, కంటికి కనబడని జీవి పేగును తొలుస్తోందని చెప్పేది. ఆ మాట విని విని సుక్కమ్మ ఒకరోజు కొడుకు సంగతి బయటపెట్టింది. ఇదే జబ్బయి ఉండొచ్చని డాక్టరమ్మ అంది. సుక్కమ్మకు ఆ మాట చాలలేదు. అక్క పెట్టిన మందు కాదంటే ఆమె దగ్గరికి పోవచ్చు. కానీ ఒట్టి మాట నమ్మి పోలేదు. కంటితో చూడాలి.

చూపించడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. అది చలికాలం. శిక్షణకు వచ్చిన నర్సు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఆయా వంతు చివరిది. ఆమె కన్ను పెట్టేసరికి కనిపించింది ఒక గుండ్రటి చుక్క.

"ఇది గోలీ లెక్కున్నది. కదులది, మెదులది. గిదా నా కొడుకును సంపింది?"

చల్లారిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. చలి ఉన్నన్నాళ్లూ, వంతు వచ్చినప్పుడల్లా అదే తంతు. మందు మాటే నిజమేమోనని సుక్కమ్మకు మళ్లీ అనుమానం పట్టుకుంది.

ఎండాకాలం వచ్చింది. నల్గొండలో బండ మీద కాలు పెట్టలేని ఎండ. గదిలో బల్ల కూడా వేడెక్కింది. గిన్నెకు కంబళి అక్కర్లేకపోయింది. ఒకరోజు అందరూ చూసి సుక్కమ్మ వంతు వచ్చేసరికి కూడా అమీబా బతికే ఉంది.

మొదట మసక. తర్వాత గాజులాంటి చిన్న ముద్ద. తల లేదు, నోరు లేదు, కాళ్లు లేవు. ఒక పక్కన వేలులా ఉబ్బింది. మిగతా ఒళ్లంతా ఆ వేలిలోకి జారిపోయింది. పళ్లెంలో ఒంపిన గంజి, ఎటు పోవాలో తానే తేల్చుకున్నట్టు. లోపల గుండ్రటి బిళ్లలు. అవి రోగి నెత్తుటిలోవి, అది తిన్నవని డాక్టరమ్మ చెప్పింది. సుక్కమ్మ చాలాసేపు కన్ను తీయలేదు.

ఈ జాతివి కుంట అడుగు బురదలో, నీళ్లలో కుళ్లే ఆకుల కింద, తడిమట్టిలో బోలెడుంటాయని, చాలావాటితో మనకు హాని లేదని డాక్టరమ్మ వివరించింది. తిండిని ఒళ్లంతా కప్పి మింగుతాయి. పెరిగితే ఒకటి రెండవుతుంది. ఈ ఒక్కటి మనిషి పేగులో ఇల్లు కట్టుకుంది. ఒంటి చుట్టూ పెంకు కట్టుకుని బయటపడి, ఈగల మీద, చేతుల మీద, నీళ్లలో ఇంకో నోటికి చేరుతుంది. నీళ్లు మరిగిస్తే చస్తుంది.

"అయితే షర్బతుల ఉన్నట్టేనా అమ్మా?"

"తాగిన ఎన్నాళ్లకు జబ్బున పడ్డాడు?"

"తెల్లారే."

"లోపలికి వెళ్లిన మర్నాడే ఇంత చేయదు. మామూలుగా వారాలు పడుతుంది. అదే అయితే, అంతకుముందే ఎక్కడో తాగి ఉండాలి."

"గంతకుముందు నా ఇంట్లనే ఉండె."

ఏ జబ్బుతో పోయాడో ఇప్పుడెవరూ తేల్చలేరని డాక్టరమ్మ అంది. సుక్కమ్మ సెలవడిగింది.

చిట్యాలలో బస్సు దిగి వెళ్లేసరికి జంగమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ముసలామె చెప్పింది నిజమే, తలంతా తెలుపు. చాట ఆపకుండానే అడిగింది.

"ఏడేండ్లకు తొవ్వ దొరికిందా?"

సుక్కమ్మ నిలబడే అంతా చెప్పింది. గాజు ముద్ద, దాని కడుపులో నెత్తురు, తన ఇంటి కుండనీళ్లు. జంగమ్మ చివరిదాకా విని చాట కింద పెట్టింది.

"అంటే నేను పెట్టలేదని గా పురుగు చెప్తేగని నమ్మలేదన్నట్టు."

జంగమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. సుక్కమ్మ చెంబును చూసింది గానీ అందుకోలేదు.

"ఇంకా భయమేనా?"

"మందు భయం కాదక్కా. మరగబెడ్తే తాగుత. ఇంట్ల గూడ గట్లనే తాగుతున్న. అప్పుడు పోరనికి గట్ల తాగిచ్చి ఉంటే..."

జంగమ్మ చెంబునీళ్లు కుండలో పోసి, మూడు రాళ్ల పొయ్యి మీద పెట్టి, కందికట్టె ఎగదోసింది. నీళ్లు మరగడానికి కొంతసేపు పట్టింది. ఆ ఎండకు చల్లారడానికి ఇంకా ఎక్కువ పట్టింది. కుండకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నీళ్లు తాగేటట్టు అయ్యేసరికి నల్గొండకు చివరి బస్సు వెళ్లిపోయింది.