కంసాలి పిట్టకు ఫారిన్ పళ్లు

నేను ఖరగ్‌పూర్ చూడాలని బయలుదేరలేదు. మా అమ్మకు తన అన్నయ్యకి కొత్తావకాయ పంపాలనిపించింది, జాడీ మోయడానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. అరవైల్లో ఒక మే నెల, నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు. సాయంత్రం విజయనగరంలో మెయిలెక్కితే మర్నాడు ఉదయం ఏడింటికి దించింది. ఆ ప్లాట్‌ఫారం పొడవు గురించి జనం చెప్పేదంతా నిజమేనని నా కుడిచేయి ఒప్పుకుంది. మావయ్యవాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు రిక్షా అర్ధరూపాయి.

వర్క్‌షాపులో ఫిట్టరైన మా మావయ్య ఆ ఆదివారం వరండాలో ఒక బుట్ట ముందు కూర్చుని ఉన్నాడు. బుట్టలో గుప్పెడంత పిట్టపిల్ల, దాని చుట్టూ ఆపిల్ ముక్కలు, నల్లద్రాక్ష. ఇంత రాజభోగం దేనికని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఎండిన మునగ కొమ్మ ఇంటి మీద పడతాదని మొన్న నానే నరికేసినాను అల్లుడూ. లోపల గూడుందని సూసుకోనేదు. ఇదొక్కటే మిగిలింది."

"అది తిన్నేదని ఈయనా తిన్నేదు" అంది అత్త లోపల్నుంచి.

అది కంసాలి పిట్ట పిల్ల. తల్లీ తండ్రీ ఒకరోజంతా చుట్టూ తిరిగి వెళ్లిపోయాయట. మావయ్య ఊరి చివరి హిజ్లీ వెళ్లి, అక్కడ తనకు తెలిసిన బెంగాలీ తోటమాలిని ఏం పెట్టాలని అడిగాడట. "ఫారిన్ పెట్టమన్నాడు ఆ దాదా. గోల్ బజారంతా తిరిగి తెచ్చినాను" అన్నాడు.

నాలోని మాస్టారు ఊరుకుంటాడా? మన పిట్టకు మన పండే కావాలంటూ ఉపన్యాసమిచ్చి, అరటిపండు మెదిపి పెట్టాను. ఉమ్మేసింది. పదింటికల్లా మెడ వాల్చేసింది. నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

పక్కింటివాళ్ల సైకిల్ నేను తీసుకున్నాను, తన సైకిల్ మావయ్య ఎక్కాడు. పూరీ గేట్ మీదుగా హిజ్లీ చేరేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ తోటమాలి పెద్దాయన పైపుతో పచ్చికకు నీళ్లు పెడుతున్నాడు. "దాదా, ఫారిన్ ఖాచ్ఛే నా" అన్నాడు మావయ్య, ఫారిన్ తినడం లేదని. ఏం పెట్టావని ఆయన అడిగాడు. ఆపిల్ అని విని కాసేపు మావయ్య మొహం చూశాడు. ఎగతాళి చెయ్యలేదు, మా ఇద్దర్నీ ఒక ఎండుకొమ్మ కిందకు తీసుకెళ్లాడు.

కొమ్మకు గుండ్రని తొర్ర. అందులోంచి ఒక చిన్న నోరు. కంసాలి పిట్ట వచ్చి వాలింది. దాని ముక్కున పండు లేదు, కాళ్లు కొట్టుకుంటున్న మిడత ఉంది.

"ఎయ్ జే, ఫొరింగ్" అన్నాడాయన వేలు చూపించి.

బెంగాలీలో మిడతను అలా అంటారు. మావయ్య చెవికి అది ఫారిన్‌గా వినబడింది. పెద్దయ్యాక పళ్ల మీదే బతికే పిట్ట, పిల్లకు మాత్రం పురుగులూ పెడుతుందని, ఒంటికి బలం రావాలి కదా అని ఆయన హిందీలో చెప్పాడు. మర్రిపళ్లు తింటూ టుక్ టుక్‌మనే ఈ పిట్టను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. ఈ సంగతి మాత్రం నాకు తెలియదు.

ఆయన పైపు పక్కన పడేసి మాతోపాటు పచ్చికలో వంగాడు. ముగ్గురం కలిసి తొమ్మిది మిడతల్ని పట్టి ఆయన టిఫిన్ డబ్బాలో వేసుకున్నాం. పన్నెండున్నరకు ఇల్లు చేరాం. మావయ్య ఒక మిడత కాళ్లు తుంచేసి పిట్టపిల్ల ముక్కుకు తాకించాడు. కదల్లేదు. మళ్లీ తాకించాడు. గుటుక్కున మింగింది. రెండోదానికి తనంతట తనే నోరు తెరిచింది.

మావయ్య చేతులు దులుపుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి "నాకూ కాస్త అన్నం ఎట్టవే" అన్నాడు.

ఆ తోటమాలికి నేనెంత రుణపడ్డానో చెప్పలేను. మా తెలివితక్కువతనం తెలిసి కూడా ఆయన మమ్మల్ని చిన్నబుచ్చలేదు, మాతోపాటు ఎండలో వంగి మిడతలు పట్టాడు. ఖరగ్‌పూర్ వెళ్లేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: నాలుగు భాషలు కలిసి తిరిగే ఊరది, మాట అర్థమైందనిపించినా సరే, ఒకసారి చూపించమని అడగండి. నేను ఇంటికి తిరిగొచ్చిన పది రోజులకు మావయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "నిన్న పొద్దుట ఎగిరిపోనాది. ఒక్కసారీ ఎనక్కి సూడనేదు. శానా సంతోషం."