ఏడాదికి ఒక్కరోజు మా టాక్సీ

మొన్న బ్యాటరీ దుకాణంలో యాసిడ్ పుల్లటి వాసన ముక్కుకు సోకగానే బంతిపూలు, వేడి కిచిడీ, గాలిపటాల దారాలు, ఖిదిర్‌పూర్‌లోని చిన్నప్పటి మా సందు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి, అక్కడే నిలబడి నవ్వేశాను.

మా నాన్న అక్కడ అద్దెకు పాత టాక్సీ నడిపేవాడు. ఏడాదంతా అది యజమానిది, విశ్వకర్మ పూజ ఒక్కనాడు మాత్రం మాది. శ్రీకాకుళం నుంచి రేవు పనులకు వచ్చిన మావాళ్ల ఆయుధపూజ, ఆ బెంగాలీ ఊరు చేరాక దసరా నుంచి విశ్వకర్మ పూజకు జరిగింది. పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టాలి, మర్నాటిదాకా పనివాడెవడూ పానా ముట్టకూడదు.

ఒక ఏడు అమ్మ పొద్దున్నే బూరెలు వండేసింది. మేడల మీంచి, గాలిపటం తెగినప్పుడల్లా ‘భోకాట్టా’ అని కేకలు వినిపిస్తున్నాయి. నేను, చెల్లి, తమ్ముడు కొత్తబట్టలతో వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. నాన్న తాళం తిప్పాడు. టిక్ మంది, అంతే. ఈ రోజు పోతే మళ్లీ ఏడాదికే షికారు, చెల్లి అప్పుడే ఏడుపు లంకించుకుంది.

నాన్న మాత్రం హుషారయ్యాడు. హారన్ కొడితే గట్టిగానే మోగింది. లైట్లు వేసి మమ్మల్ని ముందుకెళ్లి చూడమన్నాడు. ధగధగా వెలుగుతున్నవి తాళం తిప్పగానే నీరసించాయి. బ్యాటరీ బాగానే ఉంది, కరెంటుకు దారిలో ఏదో అడ్డం పడిందన్నాడు. పక్కింటి బెంగాలీ దాదా నలుగురినీ పిలిచి తోస్తానన్నాడు గానీ, ఆగిన చోటల్లా తోసేదెవరని నాన్న ఒప్పుకోలేదు. బానెట్ ఎత్తి తీగల వెంట తడుముకుంటూ వెళ్లి, బ్యాటరీకి తీగను బిగించే పట్టీ దగ్గర చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. అది కాలిపోతోంది. దాని కిందనుంచి పసుపు తొంగిచూస్తోంది.

పొద్దున పూజకు ముందు నాన్న పట్టీలు విప్పి శుభ్రం చేస్తుంటే, స్టీరింగుకీ టైర్లకీ బొట్లు పెడుతున్న అమ్మ, బ్యాటరీ కొమ్ములు బోడిగా ఉన్నాయని నూనెలో కలిపిన పసుపు దట్టంగా పూసేసింది. పూజ పసుపు తుడవడానికి మనసొప్పక నాన్న దానిమీదే పట్టీలు బిగించేశాడు.

ఇప్పుడు విప్పాలంటే పానా కావాలి. నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. దాదా కూడా ఇవాళ ముట్టనని అడ్డంగా తలూపాడు. అమ్మ గబగబా లోపలికెళ్లి, దేవుడి ముందు పూల మధ్యనుంచి పానా తీసుకొచ్చింది.

“నానెట్టిన పసుపు, నానే తీత్తాను. ఎటు తిప్పాలో సెప్పు” అంది.

నాన్న ముట్టకుండా వేలితో చూపిస్తుంటే అమ్మ విప్పింది, కొంగుతో తుడిచింది, మళ్లీ బిగించింది. ఇంజన్ ఒక్క ఊపున లేచింది. మేం పెట్టిన కేకలకు పటాలవాళ్లు దారాలు వదిలేసి కిందికి చూశారు. మైదానందాకా, గంగ ఒడ్డుదాకా తిరిగాం. అమ్మ ముందు సీట్లో కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి బండినీ తనే తప్పిస్తున్నట్టు మెడ తిప్పుతూనే ఉంది. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

ఆ సందులో ఇప్పుడు మావాళ్లెవరూ లేరు. బండి మొరాయిస్తే ఒకబ్బాయి వచ్చి చిన్న యంత్రం తగిలించి జబ్బేమిటో చెప్పేస్తాడు, తడిమి చూసే పని లేదు. కారు ఏడాది పొడుగునా నాదే. నా దగ్గరే ఉంటున్న అమ్మను అలా తిరిగొద్దామా అని అడుగుతుంటాను.

“ఎప్పుడైనా ఎల్లొచ్చు గదే” అంటుంది.

నెలలు గడిచిపోతాయి, మేం వెళ్లం.