నాలుగో గడి మీద బొట్టు

మా ల్యాబులో బోరు మోటర్లను పరీక్షిస్తారు. మోటరును నీళ్ల తొట్టిలోకి దించి, పొద్దుననుంచి సాయంత్రం దాకా ఆపకుండా తిప్పుతారు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే. ఒకప్పుడు ఏ మిషను ఖాళీగా ఉంది, ఏది తిరుగుతోంది అని ఒకరినొకరు అరిచి అడిగేవాళ్లు. ఆ గోల భరించలేక నేనే గోడ మీద పెద్ద టీవీ పెట్టించి, మిషనుకొక గడి గీశాను. తిరుగుతుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు, ఖాళీగా ఉంటే తెలుపు. కంప్యూటరులో గడి నొక్కితే ఆ మిషను ఇంతవరకు ఏ మోటర్లను తిప్పింది, ఎప్పుడు, ఎందుకు ఆగింది, అంతా వస్తుంది. గోల తగ్గాలంటే టీవీ ఎందుకు, నాకు సెలవిస్తే చాలని మావాళ్ల వేళాకోళం.

పోయినేడు మా నాయన మోటరు కాలిపోయింది. కంబదూరు దగ్గర మాది మెట్ట చేను, ఒక్కటే బోరు. శెనక్కాయ ఊడలు నేలలోకి దిగే సమయంలో వాన మొహం చాటేసింది. వెంటనే ఒక తడి ఇస్తే పంట నిలుస్తుంది, లేకపోతే గొర్రెల పాలే. మా దగ్గరే మోటరుకు వైండింగు చేయించాం. పరీక్ష కానిదే గేటు దాటనివ్వరు. మరుసటి రోజు నుంచి మిషన్లన్నీ వేరే మోటర్లకు కేటాయించేశారు. పరీక్షకు మాకు దొరికింది ఒక్క రోజే.

తొట్టి దగ్గరికి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి, నాయనకు టీవీ ముందు కుర్చీ వేశాను.

"మనది యాడుండాదిమ్మా?"

"నాలుగో గడి నాయనా. పచ్చగా ఉండాదే, అదే."

ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను టీ తేవడానికి పోయాను.

మా వైపు మోటరుకు కుంకుమ పెట్టకుండా బోరులోకి దించరు. అమ్మ కట్టిచ్చిన కుంకుమ పొట్లం నాయన జేబులోనే ఉంది. మోటరునేమో ముట్టుకోనివ్వలేదు. ఆయన లేచి, టీవీలో నాలుగో గడికే బొటనవేలితో ఇంత పెద్ద బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు.

తొట్టి గది అద్దం అవతల్నుంచి, మిషన్లు నడిపే ఆపరేటరన్న తలెత్తి చూశాడు. నాలుగో గడిలో ఎరుపు. ఇంకేముంది, మోటరుకేదో అయిందనుకుని పరుగున పోయి మిషను ఆపేశాడు. దాంతో గడి నిజంగానే ఎర్రబడింది.

నేను టీతో వచ్చేసరికి ఇద్దరూ టీవీ ముందే ఉన్నారు.

"ఏమన్నా, ఎందుకాపితివి?"

"ఎర్రగా కనపడె కదమ్మా!"

"అది బొట్టన్నా!"

నోటికొచ్చినట్టు అరవబోయి నాయన మొహం చూశాను. "నా సేను నేనే ఎండబెట్టుకుంటినే" అన్నాడు.

ఆపరేటరన్నే ముందు తేరుకున్నాడు. "కూసో నాయనా. మళ్లా మొదలుపెడతా. డ్యూటీ అయిపోయినా నేనుంటా. బొట్టు పెట్టిన మోటరును ఆపితిని, ఆ పాపం నాకెందుకు?"

అన్నట్టే ఉన్నాడు. చీకటి పడ్డాక పరీక్ష ముగిసి, మోటరు బండెక్కింది. మిషను ఎందుకాగిందో రాయాల్సిన చోట ఆయన "బొట్టు" అని రాసిపెట్టాడు. ఇప్పటికీ నేను దాన్ని తీసెయ్యలేదు.

మరుసటి రోజు నాయన ఫోన్ చేశాడు. "నీళ్లు పారతాండాయమ్మా. మీ టీవీలో కనపడతాండాదా?"

"లేదు నాయనా. గేటు దాటినాక మాకు కనపడదు."

"అట్లయితే దినామూ నేనే చెప్తాలే."

ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. టీవీలో చివరన ఇంకో గడి గీశాను. దాని వెనక మిషనేమీ లేదు. రోజూ పొద్దున తెల్లగా ఉంటుంది, ఆయన ఫోన్ చెయ్యగానే పచ్చగా మారుస్తాను. ల్యాబులో అందరికీ అది నాయన గడే.

మొన్నొకరోజు మధ్యాహ్నమైనా అది తెల్లగానే ఉంది. భోజనాల వేళ దాటుతున్నా ఎవరూ లేవలేదు. ఆపరేటరన్న నా దగ్గరికొచ్చి, "నాయనకు ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు. చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"కరెంటు లేదమ్మా, అంతే. చింతచెట్టు కింద పండుకోనుండా."

మోటరు తిరగడం లేదు. అయినా గడిని పచ్చగా మార్చేశాను. ఆపరేటరన్న దాన్ని చూసి, క్యారియరు తీసుకుని భోజనానికి పోయాడు.