మొహం చూసి అడగాలి

మా ఆవిడ పోయి ఇరవై మూడు రోజులైంది. తెనాలిలో, మా ఇంట్లోనే, మధ్యాహ్నం పూట పోయింది. ఆ కబురు అందరికీ చెప్పింది నేను కాదు. రేపల్లెలో మొబైల్ షాపు నడిపే, ఆవిడకి వరసకి తమ్ముడు, మా కార్డుల ఆట వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టాడు: "జడ్జి మేడం ఇక లేరు." పొద్దస్తమానం వాదించుకునే గ్రూపు అది. ఏ కార్డు ఎప్పుడు వాడొచ్చు, ఏ వాక్యానికి ఏ అర్థం అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతారు. ఆ రోజు సాయంత్రం దాకా అందులో ఇంకో మెసేజి పడలేదు.

ఆ ఆట తెలియనివాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. ఇది పేకాట కాదు. ఇరుగుపొరుగుకి ఆ సంగతి చెప్పీ చెప్పీ ఆవిడ అలసిపోయింది. ఇద్దరు ఆడతారు. ఎవరి కట్ట వాళ్ళు కొనుక్కుని, కార్డులు ఏరి కూర్చుకుని తెచ్చుకుంటారు. ప్రతి కార్డు మీదా పైన బొమ్మ, కింద ఇంగ్లీషులో నాలుగైదు వరుసల సన్న అక్షరాలు ఉంటాయి. ఆ కార్డు ఏం చేస్తుంది, ఎప్పుడు చేస్తుంది అన్నది అక్కడ రాసి ఉంటుంది. ఎదుటి మనిషి కార్డు వేస్తే అది పనిచేసేలోపు మనం అడ్డుకోవడానికి చిన్న వ్యవధి ఉంటుంది. అది దాటితే ఇంక చేసేదేం లేదు. గొడవలన్నీ దాటిందా దాటలేదా అన్న దాని మీదే. తీర్పు చెప్పే మనిషిని జడ్జి అంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లె, మూడు ఊళ్ళ ఆటకీ ఆరేళ్ళపాటు మా ఆవిడే జడ్జి.

ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం మధ్యలో ఇద్దరు వాదులాడుకుంటుంటే కార్డులు లాక్కుని ఇంటికి తెచ్చింది. సాయంత్రం టీ తాగుతూ చదవడం మొదలుపెట్టింది. కూర పొయ్యి మీద అడుగంటింది.

"ఏవండీ, వాళ్ళు కొట్టుకుంటున్నది నిజంగానే కష్టమైన ప్రశ్నండీ," అంది.

మర్నాడు కట్ట తిరిగి ఇచ్చేస్తూ, ఎవరిది ఒప్పో కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ వారంలోనే రెండు కట్టలు కొంది. ఒకటి నా ముందు పెట్టి, "ఒక్కదాన్నే చదివితే తెలియడం లేదు, ఎదురుగా కూర్చోండి," అంది. నేను కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే మనిషిని. కూర్చున్నాను. మాకు పిల్లలు లేరు. అందుకే ఇలాంటి వ్యాపకం పెట్టుకుందని అనుకున్నవాళ్ళున్నారు. అది కాదు. ఆవిడకి రాసినదాన్ని రాసినట్టు చదవడం ఇష్టం. అంతే.

మొదటి ఆదివారం తెనాలిలో మా వరండా. రెండో ఆదివారం బాపట్లలో ఒక టిఫిన్ హోటల్ మేడ మీద; అగ్రికల్చర్ కాలేజీ కుర్రాళ్ళు ఎక్కువగా వచ్చేవాళ్ళు. మూడో ఆదివారం రేపల్లెలో మొబైల్ షాపు పైగది. ఆవిడ చేతిసంచీలో ఎప్పుడూ నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. ఇచ్చిన ప్రతి తీర్పూ అందులో రాసేది.

బాపట్లలో జరిగిన ఒక గొడవ చెప్తాను. ఒకతని కార్డు మీద, "నీ కాపలావాడు పోయినప్పుడు ఒకణ్ణి తెచ్చుకోవచ్చు," అన్న అర్థంలో ఉంది. ఎదుటి కుర్రాడి కార్డు కాపలావాణ్ణి తీసేసి, వెంటనే అతని కట్టలోంచి రెండు కార్డులు లాగనిస్తుంది. అంతా అయ్యాక మొదటివాడు తన కాపలావాణ్ణి తెచ్చుకుంటానన్నాడు. కుదరదంది మా ఆవిడ.

"అదేంటి మేడం, పోయాడుగా?"

"పోయాడు నాన్నా. తర్వాత ఇంకోటి జరిగింది. రేపల్లె బండి వేమూరులో ఆగినప్పుడు నువ్వు దిగొచ్చు. దిగలేదు. బండి కదిలింది. ఇప్పుడు టికెట్టు చూపిస్తే వెనక్కొస్తుందా?"

"కానీ మేడం, వాడు నన్ను అడగందే లాగేశాడండి."

"అడిగానండి," అన్నాడు రెండోవాడు. "ఏమన్నా ఉందా అన్నాను."

"చేతిలో కార్డుల్ని అడిగాడండి, నన్ను కాదు," అన్నాడు మొదటివాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, తన తీర్పు తనే కొట్టేసింది. ఆట ఆ కార్డు దగ్గరికి వెనక్కి తీసుకెళ్ళింది. మూడు ఊళ్ళకీ ఒక రూలు పెట్టింది. కార్డు వేశాక "ఏమన్నా ఉందా?" అని అడగాలి. అడిగేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడాలి. చూడకుండా అడిగితే అడిగినట్టు కాదు. ఎదుటి మనిషి లేదని నోటితో చెప్పాలి. చెప్పకపోతే వదులుకున్నట్టు కాదు. ఆట అక్కడే ఆగుతుంది. కంపెనీవాళ్ళ పుస్తకంలో ఈ రూలు లేదు. ఇక్కడ మాత్రం ఈనాటికీ అలాగే ఆడతారు.

ఇప్పుడు చెప్పబోయేవి జరుగుతున్నప్పుడు నాకు గుర్తులుగా కనపడలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ పళ్ళెంలో రెండు ఇడ్లీలు పెట్టాను. ఒకటి తిని లేచింది. "ఏంటి, బాగోలేదా?" అన్నాను. "ఇంకోటి పెట్టారా?" అని పళ్ళెం వైపు చూసింది. పళ్ళెం కాస్త తిప్పాను. తిని వెళ్ళింది. ఇంకో వారం ఎడమ భుజం మీద కమిలిన మచ్చ. గుమ్మం తగిలిందంది. ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న గుమ్మం. చెప్పులు వేసుకునేటప్పుడు కుడికాలికి వేసుకుని, ఎడమది అక్కడే వదిలి మెట్లు దిగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

రేపల్లె ఆదివారం నాటికి వాయుగుండం పట్టింది. నిజాంపట్నం హార్బరులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని బండిలో ఎవరో ఫోనులో చదివి వినిపించారు. భట్టిప్రోలు దాటాక ఆకాశం మసిబట్టినట్టయింది. మొబైల్ షాపు పైగదిలో పగలే లైట్లు వేశారు.

"బావగారూ, ఇంట్లో ఓడిపోయిందంతా ఇక్కడ రాబట్టుకుందామనా?" అన్నాడు తమ్ముడు నా ఎదురుగా కూర్చుంటూ. ఆవిణ్ణి అక్కా అంటాడు, అందుకని నేను బావని. ఆ రోజు మా ఇద్దరికీ పోటీ పడింది. గెలిచినవాళ్ళు విజయవాడ పోటీకి వెళ్తారు.

చివరి ఆటలో అతని వంతులో నేను ఒక కార్డు వేశాను. ఎదుటివాడి వంతులో వాడదగ్గ కార్డుకి వాక్యం మొదట్లో, ఎడమ అంచున చిన్న మెరుపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే మన వంతులోనే వాడాలి. తమ్ముడు జడ్జి రావాలని చెయ్యెత్తాడు. ఆవిడ వచ్చి కార్డు చేతిలోకి తీసుకుని చదివింది.

"ఇది మీ వంతులోనే వాడాలండి. గుర్తు లేదు."

"ఉంది," అన్నాను.

మళ్ళీ చదివింది. లేదంది. మూడోసారి చదివింది. లేదంది. తమ్ముడు వంగి చూశాడు. మొహం మారింది. "అక్కా, ఉన్నట్టుంది," అన్నాడు మెల్లిగా, తను ఓడిపోతానని తెలిసి కూడా.

నేను కార్డు తీసుకుని గుర్తు మీద వేలు పెట్టాను. ఆవిడ నా వేలు కోసం వెతుక్కుంది. వేలు కోసం. నేను కార్డుని ఆవిడకి కుడివైపుగా జరిపాక, "ఇదిగో, ఉంది," అంది. మొహం పాలిపోయింది.

"జడ్జి మేడం గారు కళ్ళజోడు మార్చుకోవాలి," అన్నాను, నలుగురూ వినేట్టు.

నవ్వారు. ఆట నేను గెలిచాను. ఆవిడ గోడ పక్కన కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసింది.

తిరుగు బండిలో వాన కిటికీ మీద ఏటవాలుగా కొడుతోంది. గెలిచినా నాకు కోపంగానే ఉంది. నలుగురిలో మొగుడి కార్డు కాదందని. వేమూరులో బండి చాలాసేపు ఆగింది. నేను బయటికి, నీళ్ళు నిలిచిన చేల వైపు చూస్తూ అడిగాను.

"ఒంట్లో ఏమన్నా ఉందా?"

"ఏం లేదండి," అంది.

బండి కదిలింది.

ఆ తర్వాత రెండు నెలలు ఊరుకున్నాం. కళ్ళజోడు మార్పించాను. అదే మందనుకున్నాను. ఒకరోజు వంటింట్లో ఎడమ చెయ్యి పొయ్యి మీద పెట్టి, కాలుతున్నట్టు తెలియక నిలబడి ఉంటే గుంటూరు తీసుకెళ్ళాను. డాక్టరు తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, మధ్యలో చుక్క పెట్టమన్నాడు. ఆవిడ శ్రద్ధగా పెట్టింది, కుడి చివర దగ్గర. స్కాన్ రాకముందే ఆయన మొహంలో నాకు అర్థమైంది. తలలో కుడివైపు గడ్డ. ఎడమవైపు లోకం ఆవిడకి కొంచెం కొంచెంగా లేకుండా పోతోంది. పోతున్నట్టు ఆవిడకి తెలియదు. కనపడనిది లేదనే అనిపిస్తుందట.

"ముందే తెస్తే?" అన్నాను.

"చెప్పలేమండి," అన్నాడు. "కొంత టైము దొరికేదేమో." ఆ ఏమో దగ్గరే ఉండిపోయాను.

వార్డులో మంచం పక్కన కూర్చుని నోటుబుక్కు తిరగేశాను. మొదట్లో అక్షరాలు ఎడమ అంచు నుంచే ఉన్నాయి. పోనుపోను ఖాళీ పెరిగింది. ఒక వేలు, రెండు వేళ్ళు, అరచెయ్యి. రేపల్లె నాటి పేజీలో మాటలన్నీ కుడి అంచున ఇరుక్కుని ఉన్నాయి: "నా పొరపాటు. ఆయనదే ఒప్పు." ఆ పుస్తకం నెలల తరబడి నా కళ్ళ ముందే ఉంది. పుస్తకాల మధ్యే బతికిన మనిషిని నేను. ఒక్కసారి తెరవలేదు.

ఆపరేషనుకి ముందురోజు పిలిచింది. "ఏవండీ, ఒక రూలింగ్ ఇస్తాను. రాసుకోండి."

రాశాను. "బండిలో ఆయన అడిగారు. నేను లేదన్నాను. వదులుకున్నది నేను. ఆయన తప్పు లేదు."

"నీ రూలు నువ్వే మర్చిపోయావు," అన్నాను. "నేను నీ మొహం చూడలేదు. కిటికీలోంచి చూస్తున్నాను."

నా చేతిలో పెన్ను వైపు చూసింది. మర్చిపోలేదని నాకు తెలుసు.

"జడ్జి చెప్పింది ఫైనలండి," అంది.

ఆరేళ్ళలో ఆవిడ పొరబడిన తీర్పులు కొన్ని ఉన్నాయి. తెలిసి ఇచ్చిన తప్పుడు తీర్పు మాత్రం అదొక్కటే. ఆవిడ చెప్పినట్టే రాశాను. కింద సంతకం పెట్టింది, కుడి చివర.

ఆపరేషనుతో నయం కాలేదు. ఇంటికి తెచ్చాక నాలుగు వారాలు ఉంది. ఆడదామనేది. అన్నీ ఆవిడకి కుడివైపునే సర్దేవాణ్ణి: కట్ట, టీ గ్లాసు, నన్ను నేను కూడా. కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చునేవాణ్ణి. తమ్ముడు రేపల్లె నుంచి వచ్చి చూసి, "బావగారు మూలకి పోయి ఆడుతున్నారేంటక్కా, భయమా?" అన్నాడు. "ఎప్పట్నుంచో," అంది.

చివరి ఆటలో, పాత అలవాటుకొద్దీ కాబోలు, ఒక కార్డు బోర్లించి ఎడమ చివర పెట్టింది. తర్వాత దాని సంగతే మర్చిపోయింది. బోర్లించిన కార్డు పెట్టినవాళ్ళే చూడాలి, పెట్టినవాళ్ళే తిప్పాలి. ఉందని గుర్తు చేయడం కూడా తప్పే. నేను నా కార్డు వేసి, ఆవిడ మొహంలోకి చూసి అడిగాను.

"ఏమన్నా ఉందా?"

నా వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. అలాగే కళ్ళు మూసుకుంది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. మళ్ళీ కుర్చీలో కూర్చోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

మొన్న మూడో ఆదివారం తమ్ముడు వచ్చాడు. రేపల్లె ఆట ఆపేశారు. వచ్చే నెల నన్ను జడ్జిగా కూర్చోమని అడగడానికి వచ్చానన్నాడు. నోటుబుక్కు తీసి, రేపల్లె నాటి పేజీ, ఆ తర్వాత వార్డులో నేను రాసిన పేజీ అతని ముందు పెట్టాను. రెండూ చదివాడు. పుస్తకం మూశాడు. బల్ల మీద అలాగే పరిచి ఉన్న కార్డుల వైపు చూశాడు.

"బావగారూ, ఇవి సర్దేయనా?"

"ఆట అవలేదు," అన్నాను. "తను ఇంకా లేదనలేదు."

అతను ఆటగాడు. ఇంకేం అడగలేదు. చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, అంతే.

టిఫిన్ పళ్ళెం వంటింట్లోనే పెట్టుకుంటున్నాను. ఆ బల్ల దగ్గర నా కుర్చీ ఇంకా పక్కకి జరిపే ఉంది. సాయంత్రాలు అందులో కూర్చుని ఎదుటి కుర్చీ వైపు చూస్తాను. ఫ్యాను గాలికి ఎడమ చివరనున్న కార్డు మూల కొంచెం లేస్తుంది. బొమ్మ కనపడేంత లేవదు. మళ్ళీ పడుకుంటుంది.