జపాన్ కారులో బావ సీటు

మా బావ కారెక్కుతుంటే చూడటానికి వీధిలోవాళ్లు పని ఆపి నిలబడేవారు. గల్ఫ్ నుంచి వచ్చేసిన కొత్తలో ఎవరి కారు కనబడినా "తాళంచెవి ఇయ్యి, నేను నడుపుత" అని ధీమాగా అడిగి తీసుకునేవాడు. తీసుకుని తిన్నగా వెళ్లి ఎడమ తలుపు తెరిచి కూర్చునేవాడు. చేతులు ముందుకు చాచేవాడు. అక్కడ స్టీరింగ్ ఉండేది కాదు. గాలిలో ఆగిపోయిన చేతులు కాస్త తడబడి, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు డబ్బా మీదికి పోయేవి. దాన్ని తెరిచి, "కాయితాలు ఉన్నయా లేవా చూస్తున్న" అనేవాడు.

"చూసినవ్ గద, ఇగ ఇటు దిక్కు రా" అనేది మా అక్క గడపలో నిలబడి, నవ్వాపుకోలేక.

ఆయన వయసులో సగం ఎడారి రోడ్ల మీదే గడిచింది. అక్కడ స్టీరింగ్ ఎడమ పక్క, బండి నడిచేది రోడ్డుకు కుడి పక్క. కోరుట్లలో రెండూ తారుమారు. డ్రైవింగ్ తప్ప మరో పని తెలియని మనిషి సొంత ఊళ్లో డ్రైవింగ్ రానివాడయ్యాడు. "దుబాయ్ డ్రైవర్ ఆటోల పోతున్నడు చూడున్రి" అని చాయ్ హోటల్ దగ్గర ఆటపట్టించేవారు. ఆయనా నవ్వేవాడు. ఒకరోజు నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు మాత్రం అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు: "పాత కఫీలు మల్ల రమ్మంటున్నడు. పోత. ఈడ నాకేం పనున్నది?" కఫీలంటే అక్కడ పని ఇచ్చి వీసా పంపే యజమాని.

నేను జగిత్యాల బస్సు ఎక్కేముందు అక్క బస్టాండ్ దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, ఊరందరికి లెక్కలు చేసి పెడ్తవ్. నాకొక్కటి చేసిపెట్టు. గాయిన ఈడనే ఉండేటట్టు చెయ్యి. పెండ్లయినకాంచి నా మొగడు నాకు సెలవులల్లనే దొరికిండు."

నాకు తెలిసింది లెక్కలే. పదో తరగతితో చదువు ఆగిపోయింది. జగిత్యాలలో టైల్స్ దుకాణంలో పని. గది కొలతలు చెబితే ఎన్ని డబ్బాలు పడతాయో, మూలల్లో ఎంత ముక్కలై పోతుందో నోటితోనే చెప్పేస్తాను. ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. కానీ మనిషిని ఇంట్లో నిలబెట్టే లెక్క ఎప్పుడూ చేయలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. కఫీలు ఇంట్లో బావ నడిపింది ఒకే రకం కారు, పాతకాలపు జపాన్ సెడాన్. దాని మాట ఎత్తితే చాలు, ఆయన ముఖం వెలిగిపోతుంది. అదే కారును కుడి స్టీరింగ్‌తో మన దేశంలోనూ అమ్మారు. దాన్ని తెచ్చి ముందు పెడితే చెయ్యి దానంతటదే దారికొస్తుంది. లెక్క ఇట్టే కుదిరింది. ఇట్టే కుదిరిన లెక్కను నేను మామూలుగా రెండోసారి సరిచూస్తాను. ఆ రోజు సంతోషంలో చూడలేదు.

కారు సిరిసిల్లలో దొరికింది. మా దుకాణానికి టైల్స్ కోసం వచ్చిన మరమగ్గాల ఆసామి ఒకాయన, తంగళ్ళపల్లి దారిలో ఉన్న తన షెడ్డు మూలన అలాంటి కారు ఏళ్లుగా పడి ఉందని మాటల్లో చెప్పాడు. అక్కనూ బావనూ వెంటబెట్టుకుని వెళ్లాను. లోపల మగ్గాల చప్పుడుకు మన మాట మనకే వినబడదు. బేరమంతా వేళ్లతో, కనుబొమలతో నడిచింది. కారు తెల్లగా ఉంది. తెల్లకారే అనుకున్నాను. బావ దగ్గరికి వెళ్లి బానెట్‌ను అరచేత్తో తుడిస్తే కింద ముదురు ఎరుపు బయటపడింది. ఆ తెలుపంతా మగ్గాల మీంచి లేచి పడిన దూది నూగు.

బావ కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, లేచి చూశాడు. "గిదే! గిదే!" అని అరుస్తున్నట్టు పెదాలు మాత్రం కదిలాయి. తలుపు తెరిచి కూర్చున్నాడు. ఎడమ తలుపే. ఆసామి నన్ను భుజం తట్టి, స్టీరింగ్ ఆ పక్కన ఉందని చేత్తో సైగ చేశాడు. బావ డాష్‌బోర్డు డబ్బా తెరిచాడు. గుప్పెడు దూది ఆయన ఒళ్లో పడింది.

లారీ మీద కోరుట్లకు తెచ్చాం. అక్క ఇంటి గేటు ఆరడుగులు, కారు వెడల్పు ఐదడుగుల ఏడంగుళాలు. అద్దాలు మడిస్తే రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున ఖాళీ ఉంటుందని ముందే చెప్పి ఉంచాను. గేటు రెక్కలు లోపలికి తెరుచుకుంటాయని, తెరిచాక వాటి మందం, గడియ, కొక్కెం అన్నీ దారిలోనే నిలబడతాయని మాత్రం లెక్కలో వేయలేదు. నలుగురం కలిసి నెడుతుంటే కారు సగం ఇంట్లో, సగం వీధిలో ఇరుక్కుంది.

పక్కింటి పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి తీరిగ్గా చూసింది. "ఏం బిడ్డా, గేటుకు కారు తొడిగిన్రా?"

నేను టేపు తీసి మళ్లీ కొలవబోతుంటే అక్క, పెద్దమ్మ చెరో పక్క పట్టి గేటు రెక్కల్ని కీళ్లలోంచి పైకెత్తి తీసేశారు. కారు దానంతటదే లోపలికి జారింది. నా టేపు నా చేతిలోనే ఉంది.

అప్పటినుంచి ఆదివారాలన్నీ ఆ ఇంటి ముంగిట్లోనే. ఇంజను విప్పడానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. మిగిలిన పనంతా మాదే. పెట్రోలు ట్యాంకు దించి కడిగాం. ఎండి బిస్కెట్లలా విరుగుతున్న రబ్బరు పైపులన్నీ మార్చాం. మ్యాట్ల కింద తుప్పు తిన్న చోట రేకు అతికించాం. తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది బావ అరచేతులు ఎర్రబడ్డాయి, రంగు పూశాక కారు కూడా ఎర్రబడింది. సీటు గుడ్డకు కొలతలు నావి. అక్క బీడీలు చుట్టే మనిషి, వేళ్లు సన్నగా చురుగ్గా ఉంటాయి. ఏసీ సందుల్లో ఇరుక్కున్న దూదిని, ఆకు కత్తిరించే కత్తెర మొనతో ఆమే లాగింది. బయటికొచ్చినదంతా ఒక సంచిలో నింపి, "దిండొకటి అయితది తమ్మీ" అంది.

ఇంజను మొదటిసారి పలికిన రోజు పెద్ద గోల. బావ ఆనందం పట్టలేక ఏసీ గాలి గుండీని చివరిదాకా తిప్పాడు. లోపల మిగిలిన దూది ఒక్కసారిగా లేచింది. అన్ని సందుల్లోంచి తెల్లగా, మెత్తగా, ఆగకుండా. మా తలలు, కనుబొమలు, బావ మీసం అన్నీ తెల్లబడ్డాయి. కారులోంచి మేం ముగ్గురం తుమ్ముతూ దిగుతుంటే పెద్దమ్మ గోడ మీంచి, "అయ్యో, ఒక్కపారే ముసలోళ్లైన్రు!" అంది. బావ అంతలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. అక్క నావైపు చూసి కళ్లెగరేసింది, లెక్క కుదిరింది అన్నట్టు.

కుదరలేదు. ఊరి బయట కొత్త వెంచర్ ఉంది, ఇళ్లు లేకుండా తారురోడ్లు మాత్రమే వేసి, ప్లాట్ల హద్దు రాళ్లు పాతిన చోటు. కారును అక్కడిదాకా మెకానిక్ నడిపి ఇచ్చి వెళ్లాక, బావను కుడి సీట్లో కూర్చోబెట్టాం. గేరు వేద్దామని కుడి చెయ్యి చాచాడు. చేతికి తలుపు అద్దం తిప్పే పిడి దొరికింది. అద్దం దిగింది. మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని నొక్కితే నిప్పులాంటి ఎండలో వైపర్లు ఊగాయి. ఇదంతా నవ్వుతూనే గడిచింది. తిరిగొచ్చేటప్పుడు మెయిన్ రోడ్డు మీద ఆయనకు తెలియకుండానే కారు కుడి పక్కకు జరిగిపోయింది. ఎదురుగా పసుపు బస్తాల ట్రాక్టర్. అది ఆగింది, మేమూ ఆగాం.

"ఓ కాకా, రోడ్డంత రాసిచ్చిన్రా నీకు?" అని అరిచాడు ట్రాక్టర్ అతను.

బావ కారును పక్కకు తీసి, ఇంజను ఆపేశాడు. "నా తలకాయ ఇటు రమ్మంటది, చెయ్యి అటు పోతది. గిది అయ్యేది గాదు బామ్మర్దీ. పోతనని కఫీలుకు చెప్త."

ఆ రాత్రికి నేను లెక్క మళ్లీ మొదటినుంచి వేశాను. ఈసారి బావకు రానిది కాక, వచ్చింది రాసుకున్నాను. కాళ్లకు ఇబ్బంది లేదు, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వరుస అక్కడా ఇక్కడా ఒకటే. ఎడమ సీట్లో కూర్చుంటే గేరు కూడా ఆయన కుడి చేతి కిందికే వస్తుంది, ఎడారిలో ఉన్నట్టే! లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. జగిత్యాలలో డ్రైవింగ్ స్కూలు కార్లకు ఎడమ పక్క కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా. అవి పెట్టిస్తే క్లచ్, బ్రేకు, గేరు బావవి, స్టీరింగ్, యాక్సిలరేటర్ ఇంకొకరివి. సగం డ్రైవర్, ఇంకో సగం డ్రైవర్, కలిపి ఒకటి.

సిరిసిల్లలో మగ్గాల సామాను చేసే లేత్ మిషన్ అతనితో ఎడమ పక్క పెడల్స్ కోసం కడ్డీలు చేయించాం. కథంతా విని అతను మిషన్ ఆపేశాడు. "ఒక్క కారుకు ఇద్దరు డ్రైవర్లా? కండక్టర్‌ను గిట్ల పెడ్తరా ఏంది?"

"వెనుక సీట్ల మా అక్క ఉంటది" అన్నాను.

రవాణా ఆఫీసులో అడిగి, ఆ మార్పును కారు కాగితాల్లో రాయించాను. బావకు ఇక్కడి లైసెన్సు ఉంది, లేనిదల్లా అలవాటే. స్టీరింగ్ పట్టాల్సింది నేను కాబట్టి లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాను. తోడుగా వచ్చిన అక్క, "అచ్చినం గద" అని తనూ ఒకటి రాయించుకుంది.

మెకానిక్ నడపగా మళ్లీ వెంచర్‌కు వెళ్లాం. స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుంపావు చుట్లు తిరుగుతుందని ముందే కొలిచి పెట్టుకున్నాను. కాబట్టి ఇంత మలుపుకు ఎంత చుట్టు అని లెక్క వేస్తుండగానే మలుపు వచ్చి వెళ్లిపోయింది. కారు రోడ్డు దిగి ఎవరి ప్లాట్లోనో హద్దు రాయికి మూరెడు దూరంలో ఆగింది. ఆపింది బావ.

"లెక్క ఒడిసిందా బామ్మర్దీ?"

రెండోసారి ఇంకో ప్లాటు. మూడోసారి అక్క నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతూ వెనక తలుపు తీసుకుని దిగింది. "దిగు తమ్మీ. నువ్వు లెక్కవెట్టేసరికి కారు మెట్‌పల్లి దాటుతది."

ఆమె కుడి సీట్లో కూర్చుంది. చీర సర్దుకుంది. స్టీరింగ్‌ను చూడలేదు, రోడ్డునే చూసింది. బీడీ చుట్టేవాళ్లు వేళ్ల వంక చూడరు. కారు కదిలింది, మలుపు తిరిగింది, ఇంకో మలుపూ తిరిగింది. నేను హద్దు రాయి మీద కూర్చుని చూస్తున్నాను. తెరిచిన కిటికీల్లోంచి మాటలు వినబడుతున్నాయి.

"మెల్లగ, మెల్లగ... స్పీడ్ జర తగ్గియ్యి!"

"నేను మెల్లగనే ఉన్న, నువ్వే ఒర్రుతున్నవ్."

"ఒర్రక? గాడ కుక్క పండుకున్నది."

"చూసిన. కుక్కకు లేని భయం నీకెందుకయ్యా?"

"శబాష్! గట్ల మలుపు! అరె, నీకు ఎవలు నేర్పిన్రే?"

బావ కుడి చెయ్యి గేరు మీద, కాళ్లు పెడల్స్ మీద. వేలెత్తి రోడ్డు చూపిస్తూ, అదిలిస్తూ, మెచ్చుకుంటూ. ఆ డాష్‌బోర్డు డబ్బా సంగతే మరిచిపోయాడు. ఎండ వాలేదాకా వాళ్లు దిగలేదు. నన్ను ఎక్కించుకోవడం కూడా మరిచి రెండుసార్లు ముందు నుంచే పోయారు.

తర్వాత ప్రతి ఆదివారం అదే పని. కారు మీద అతికించిన ఎర్రటి ఎల్ అక్షరం వీధంతా చూసింది. పెద్దమ్మ కోడలు వచ్చి, "అన్నా, నాకు గిట్ల నేర్పుతవా?" అని అడిగింది. బావ గొంతు సవరించుకుని, "ముందుగాల లైసెన్సు రాయించుకో" అన్నాడు, అచ్చం మాస్టారులాగే. అయినా కఫీలుకు జవాబు ఇంకా చెప్పలేదు.

కఫీలు నుంచి ఫోన్ మేం మొదటిసారి ఊరి మధ్యలోంచి కారు తీసుకెళ్లిన రోజు వచ్చింది. బస్టాండ్ చౌరస్తా. ముందు ఆటోలు, వెనక బస్సు, మధ్యలో అక్క స్టీరింగ్ పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంది. ముందు సీట్ల మధ్య పెట్టిన బావ ఫోన్ మోగింది, కఫీలు దగ్గర పనులు చూసే మేనేజర్ నంబరు అది. అక్క చూపు రోడ్డు మీంచి ఫోన్ మీదికి జారింది. కారు నెమ్మదించింది.

"ఫోన్ చూడకే, రోడ్డు చూడు!" అన్నాడు బావ. ఆయనకు ఒక చెయ్యి గేరుకు, ఇంకో చెయ్యి ఆటోవాణ్ని ఆపడానికి కావాలి. నేను వెనక నుంచి ఫోన్ తీసి ఆయన చెవికి ఆనించాను. అవతల గొంతు నాకూ వినబడింది. వీసా సిద్ధంగా ఉందట, ఈ రోజే మాట చెప్పాలట.

"నై ఆతా భాయ్" అన్నాడు బావ, కళ్లు చౌరస్తా మీదే ఉంచి. "ఇధర్ డ్యూటీ లగ్ గయీ."

రానన్నాడు. ఇక్కడే డ్యూటీ దొరికిందన్నాడు.

అక్కకు అది అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమైన క్షణంలోనే ఆమె కాలు యాక్సిలరేటర్ మీద బలంగా పడింది. కారు ముందుకు దూకింది, బావ బ్రేకు తొక్కాడు, నేను ఫోన్‌తో సహా ముందు సీట్ల మధ్యకు వచ్చి పడ్డాను.

"ఓసి నీ! సంపుతవా ఏందే?"

"నవ్వస్తుందయ్యా, కాలు ఆగుత లేదు!"

ముగ్గురికీ నవ్వు ఆగలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. బావ కళ్లు తుడుచుకుంటూనే మొదటి గేరు వేసి, "నడువు, నడువు" అన్నాడు.