బండి తిరిగే తోట

సూర్యాపేట బడిలో మా డ్రాయింగ్ సారు, వారపు అంగడి పక్కనున్న ఖాళీ జాగాకు తలా ఒక తోట గీసుకురమ్మన్నారు. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మగపిల్లలంతా హైదరాబాదులో చూసినట్టు నడుమ నీళ్లు చిమ్మే ఫవ్వారా గీశారు. బిందెడు నీళ్లకు మా అమ్మలు బావి దగ్గర కొట్లాడుకునే ఊళ్లో ఫవ్వారా! నాకు ఒళ్లు మండింది. నేను వేపచెట్లు మాత్రమే గీశాను, అవీ దూరదూరంగా.

"నడుమ గింత జాగ ఎందుకు ఇడిసినవ్?" అన్నారు సారు.

"ఎడ్లబండి తిరగాలె గద సార్! అంగడికొచ్చిన ఎడ్లకు నీడ గావాలె."

సారు నా పటాన్నే ఒప్పుకున్నారు. అంగడి రోజు పొద్దున్నే, మొక్క నాటాల్సిన చోటల్లా నేను ముగ్గుపిండితో చుక్క పెట్టాను. అది మగపిల్లలకు చేతకాలేదు.

అంతలో మా నాయిన బండి తోలుకొచ్చాడు. అక్కడ చెట్లు నాటుతారని విన్నాడు గానీ, పటం నాదని ఆయనకు తెలియదు. ఒక్క చుక్కా చెరగకుండా బండి తిప్పి, ఎడ్లను విప్పి, చుట్టూ చూశాడు.

"ఎవడు గీసిండో గానీ, బండి తోలెటోని కొడుకే అయ్యుంటడు."

"కొడుకు గాదు నాయినా, బిడ్డ" అని, పిండి అంటి తెల్లబడ్డ చేతులు రెండూ ఆయన ముందు చాచాను.